సిరిసిల్ల దాటితే పరీక్ష

2011 సెప్టెంబరు. సకల జనుల సమ్మెతో బస్సులు నిలిచిపోయిన రోజులు. పొద్దున్నే కోరుట్ల బస్టాండు ముందు ముత్యంపేట బాలరాజు, అతని కూతురు అఖిల.

"బస్సు లేదంటే లేదు బాపు. గేటుకు తాళమేసిండ్రు, సూడు. ఇగ ఇంటికి పోదాం పా."

"బస్సు లేకుంటే బండి లేదా? ఎక్కు."

"బండి మీద హైదరాబాదా?"

"హైదరాబాద్ ఏమన్న చైనాల ఉన్నదా? నువ్వు చైనా పోయి ఆరేండ్లు డాక్టర్ సదువు సదివచ్చినవ్. నేను దుబాయ్‌ల పన్నెండేండ్లు చేసిన. గీ రెండొందల కిలోమీటర్లకు మనం భయపడుతమా?"

"భయం గాదు. నీ నడుము."

"నా నడుముకేమైంది?"

"మొన్న నొస్తుందంటివి గద."

"నిన్న తగ్గింది. ఎక్కు బిడ్డా. మాపటికి మీ చిన్నాయిన ఇంటికాడ ఉందాం. రేపు పొద్దుగాల తొమ్మిదింటికి నిన్ను పరీక్ష గేటు కాడ దింపుత."

"పెట్రోల్ బంకులు సుత బందుంటయ్."

"ట్యాంక్ నిండ పోయించిన. డబ్బల ఇంకింత తెచ్చిన."

"జగిత్యాల దిక్కు మస్తు రాస్తారోకోలు నడుస్తున్నయంట."

"జగిత్యాల ఎవరు పోతున్నరు? రుద్రంగి మీదికెళ్లి వేములవాడ, వేములవాడకెళ్లి సిరిసిల్ల."

"వానొస్తది."

"మొగులేది? నువ్వు పరీక్షకు పోతున్నవా, సాకులు ఎతుకుతున్నవా?"

"ఎక్కిన గద. నడువు."

"కూసున్నవా మంచిగ?"

"ఆఁ."

"అఖిలా, ఒకటి అడుగుత. ఆరేండ్లు సదివినంక మళ్ల గీ పరీక్షేంది? నాకు ఇప్పటికి సమజ్ గాలే."

"ఎన్నిసార్లు చెప్పాలె బాపు. బయటి దేశంల సదివినోళ్లందరికి ఢిల్లీవాళ్లు పెట్టే పరీక్ష. మూడొందల మార్కులు. నూటయాభై అస్తే ఇక్కడ డాక్టర్‌గ రిజిస్టర్ చేస్తరు. రాకుంటే నా పట్టా గోడకు ఏలాడేసుకోవుడే."

"పోయినసారి నీకెన్ని అచ్చినయ్?"

"తెలిసి మళ్లెందుకు అడుగుతవ్?"

"ఊకనే."

"నూటనలభై ఏడు."

"మూడే తక్కువ."

"అంతకుముందు నూటముప్పై. దానికి ముందుది అడుగకు."

"గది నేను ఎవ్వరికి చెప్పలే. అందరికి మూడే తక్కువ అని చెప్తున్న."

"అందరికంటే?"

"అందరికి."

"బాపు, ముందుకు సూసి నడుపు. ఆడ రోడ్డు మీద బండలు పెట్టిండ్రు."

వేములవాడ దాటాక, సిరిసిల్ల రోడ్డు మీద.

"సూసినవా బిడ్డా? రెండు కాడ ఆపిండ్రు, రెండు కాడ ఇడిచిండ్రు. డాక్టరమ్మ ఎమర్జెన్సీకి పోతున్నదని చెప్పిన. బండలు వాళ్లే జరిపిండ్రు."

"నేను డాక్టర్‌ను గాదు."

"సదివినవ్ గద."

"సదివిన. కాలే."

"రోడ్డు మీద నిలవడ్డోళ్లకు గా లెక్కలన్ని ఎందుకు?"

"గా రుద్రంగిల మనల్ని ఆపినాయన చెయ్యి ముందట పెట్టి నాడి సూడమన్నడు. నా పానం పోయింది."

"మంచిగున్నది అన్నవ్ గద."

"మంచిగనే ఉండె."

"మరింకేంది? వేములవాడల రాజన్న గుడి ముందట బండి ఆపమన్నవ్. కండ్లు మూసుకొని అంతసేపు ఏం మొక్కినవ్?"

"మొక్కు బయటికి చెప్పద్దు."

"నాకు తెల్వదా, పాస్ కావాలని మొక్కి ఉంటవ్."

"ఎనుక టైరు పంచరైనట్టున్నది బాపు."

"కాలే."

"జర దిగి సూడు."

"పంచరైతే బండి చెప్తది. నువ్వు చెప్పుడెందుకు?"

సిరిసిల్లలో నడిరోడ్డు మీద కట్టెల పొయ్యిలు. వాటి ముందు కుర్చీ వేసుకుని కూర్చున్న ఒక పెద్దావిడ.

"దిగుండ్రి, దిగుండ్రి. వంటా వార్పు నడుస్తున్నది, కనవడ్తలేదా? బండి పొయ్యిల మీదికెళ్లి పోనిస్తవా?"

"అక్కా, డాక్టరమ్మ ఉన్నది. ఎమర్జెన్సీ."

"ఏ దవాఖాన తమ్మీ?"

"హైదరాబాద్‌ల."

"హైదరాబాద్‌ల డాక్టర్లు ఒడిసిపోయిండ్రా, సిరిసిల్ల మీదికెళ్లి పట్కపోతున్నవ్?"

"గట్ల గాదక్కా. నీ పేరేంది?"

"ఐలవ్వ. బీడీలు చేస్త. గీ వాడ ఆడోళ్లందరికి నేనే లీడర్‌ను. రేపు మాపటిదాక ఎవ్వర్ని ఇడిచేది లేదు."

"రేపు మాపటిదాకనా? ఇన్నవా బాపు? ఇగ మనం ఏం చేస్తం. తిరుగుదాం."

"ఆగు అఖిలా, నన్ను మాట్లాడనియ్యి."

"తెలంగాణ కొరకు ఆపుతున్నరు. మనం ఎదురు మాట్లాడొద్దు బాపు. ఐలవ్వా, అన్నం అయిందా? ఆకలైతున్నది."

"అయింది. కూసో బిడ్డా. తమ్మీ, నువ్వు సుత రా. పప్పుచారు, వంకాయ కూర."

"నాకు మెతుకు దిగదక్కా. రేపు పొద్దుగాల ఈ పిల్లకు డాక్టర్ పరీక్ష."

"ఇప్పుడే డాక్టరమ్మ అంటివి."

"అంటే, సదువైతే అయిపోయింది. పరీక్ష పాసైతే పక్కా డాక్టర్."

"పాసయ్యే సదువేనా?"

"మూడే తక్కువైనయి పోయినసారి."

"బాపు, మళ్ల మొదలువెట్టినవా? ఐలవ్వా, ఇంకింత పప్పుచారు పొయ్యి."

"పోస్త గని, పొద్దుగాలసంది ఈడ మస్తుమందిని ఆపిన బిడ్డా. తిట్టినోళ్లున్నరు. కాళ్లు పట్టుకున్నోళ్లున్నరు. ఆపితే సంబురపడ్డది నువ్వొక్కదానివే."

"పప్పుచారు మంచిగున్నది."

"నీ తండ్రికేమో గుటక దిగుతలేదు. నువ్వేమో రెండోసారి పోయించుకుంటున్నవ్. ఏంది కథ?"

"ఏం లేదు. నీ కాళ్లెందుకు గట్ల ఉబ్బినయి?"

"మాట మలుపకు."

"మలుపుతలేను. ఎన్నిరోజుల సంది ఉబ్బినయి?"

"రెండు నెలలైంది. లేచి నిలవడితే కండ్లు తిరుగుతయి. మొన్న గడప కాడ పడ్డ."

"గోలీలు ఏమన్న మింగుతున్నవా? ఉన్నయా దగ్గర?"

"కొంగులనే ఉన్నయి, ఇగో. గీ ఎర్ర అట్ట క్యాంపుల ఇచ్చిండ్రు, బీపీకి. గీ పచ్చ అట్ట మా వాడ ఆరెంపీ ఇచ్చిండు, గది సుత బీపీకే. రెండైతే జల్ది తగ్గుతదని రెండు మింగుతున్న."

"రెండు ఒక్కటే ఐలవ్వా."

"ఒక్కటెట్లైతది? ఒకటి ఎర్రగ, ఒకటి పచ్చగ కనవడ్తలేదా?"

"అట్టలు వేరు, పేర్లు వేరు. లోపల మందు ఒక్కటే. కింద చిన్న అక్షరాలల్ల ఉన్నది సూడు. నువ్వు డబల్ మింగుతున్నవ్. గందుకే కాళ్ల ఉబ్బు, గందుకే కండ్లు తిరుగుడు. ఒకటి ఆపాలె. ఇంకోసారి పడితే తుంటి ఇరుగుతది."

"అట్లనా? మరి రాసియ్యి."

"ఏం రాయాలె?"

"ఒకటి ఆపుమని. కాయితం మీద రాసి కింద సంతకం పెట్టు."

"నోటితోని చెప్తున్న గద."

"నోటితోని చెప్పెటోళ్లు మా వాడ నిండ ఉన్నరు. రేపు ఆరెంపీ ఎందుకు ఆపినవంటే నేనేం సూపియ్యాలె?"

"నేను రాసినా చెల్లదు. డాక్టర్ నంబర్ ఉంటేనే రాయాలె. నాకింక నంబర్ రాలే."

"ఆరెంపీకి నంబరున్నదా?"

"లేదు."

"మరి ఆయన రాస్తున్నడు గద."

"ఆయనకు ధైర్యమున్నది."

"నీ నంబర్ ఎప్పుడస్తది?"

"పరీక్ష పాసైతే."

"పరీక్ష ఎప్పుడు?"

"రేపు."

"రేపు పరీక్ష పెట్టుకొని, నువ్వు ఈడ పప్పుచారు తాగుతున్నవ్."

"బాపు."

"ఏంది బిడ్డా? చెయ్యి కడుక్కుంటవా?"

"నీకొకటి చెప్పాలె. వేములవాడల నేను మొక్కింది పాస్ కావాలని గాదు. తొవ్వల్నే మనల్ని ఆపాలని. ఆపితే రాజన్నకు కోడెను కడుతనని మొక్కిన."

"కోడెనా?"

"ఆఁ."

"ఆగిపోతానికి కోడెనా? మరి పాసైతానికి ఏం మొక్కినవ్?"

"ఏం మొక్కలే."

"ఎందుకు బిడ్డా?"

"రాస్తే మళ్ల ఫెయిలైత బాపు. రాయకుంటే ఫెయిల్ గాను గద. బస్సులు లేవు, రోడ్లు లేవు, తెలంగాణ కొరకు ఆగిపోయిన అని చెప్పుకోవచ్చు. పోయినసారి నువ్వు చాయ్ హోటల్ కాడ అందరికి మూడే తక్కువ, మూడే తక్కువ అని చెప్తివి. నేను పదిరోజులు గడప దాటలే. నీకు మూడు మార్కులు. నాకు మూడుసార్లు."

"ధైర్యానికి చెప్పిన."

"ఎవరి ధైర్యానికి?"

"నా ధైర్యానికే బిడ్డా."

"నాకు గా సంగతి ఎప్పుడు చెప్పలే."

"ఏం చెప్పాలె? దుబాయ్ పోయినప్పుడల్లా ఎయిర్‌పోర్టు కాడ నన్ను ఎవ్వరన్న ఆపితే బాగుండు అనుకున్న. పాస్‌పోర్టుల ఏదన్న తప్పు దొరికితే బాగుండు అనుకున్న. ఎవ్వరాపలే. నీది నాకు సమజైంది. నేను జబర్దస్తీ చెయ్య. లే, ఇంటికి పోదాం. ఐలవ్వక్కా, మేం ఎనుకకు పోతం."

"పొండ్రి తమ్మీ. ఎనుకకు పోయెటోళ్లను మేం ఆపం. బిడ్డా, నా గోలీలు నాకియ్యి. అన్నం తిన్నంక ఏసుకోవాలె."

"ఎర్రది తీసుకో. పచ్చది నా దగ్గర ఉండనియ్యి."

"రెండియ్యి."

"చెప్పిన గద ఐలవ్వా, రెండు ఏసుకోవద్దని."

"చెప్పినవ్. రాయలే."

"రేపే పెద్ద దవాఖానకు పోయి గీ రెండట్టలు సూపియ్యి. వాళ్లు రాసిస్తరు."

"పోయిన. పొద్దుందాక లైన్ల నిలవడ్డ. మొకం సూడకుండ రాసిండ్రు. నా కాళ్లు సూసింది నువ్వు. అట్ట మీద చిన్న అక్షరాలు సదివింది నువ్వు. రాసేది ఇంకొకళ్లెందుకు?"

"రేపు రాస్తే రేపే నంబర్ రాదు. ఫలితానికే ఇంకా మస్తు దినాలు పడ్తయి."

"పడనియ్యి. నువ్వు ముందుకు పోతే నేను గన్నిదినాలు ఎర్రదే మింగుత. ఎనుకకు పోతే ఇప్పుడే రెండు మింగుత, నీ ముందట్నే. సెంబుల నీళ్లున్నయి."

"గిదేం బెదిరింపు?"

"నేను పొద్దుగాలసంది లారీలోళ్లను బెదిరిస్తున్న. నువ్వెంత?"

"మళ్ల ఫెయిలైతే?"

"ఐతే మళ్లసారి గీడికెళ్లే పో. మళ్ల అన్నం పెడుత."

"మందిల నవ్వులపాలైత ఐలవ్వా."

"కూసో, రెండు మాటలు చెప్తా. యాభై ఏండ్ల సంది నేను బీడీలు చేస్తున్న. తూకం తక్కువైందని, ఆకు మంచిగ లేదని ఎన్ని కట్టలు పక్కకు ఇసిరేసిండ్రో లెక్క లేదు. తెల్లారి మళ్ల చాట ముందటేసుకొని కూసున్న. నవ్వెటోళ్లు నవ్విండ్రు. నేను బీడీలు చేసిన. గంతే."

"సెంబు గిటియ్యి ఐలవ్వా, చెయ్యి కడుక్కుంట."

"ఏమంటవ్?"

"బాపు."

"ఊఁ. సంచి కట్టిన. కూసో."

"బండి మొకం ఎటున్నది?"

"ఇంటి దిక్కు."

"మలుపు."

"అఖిలా, నా కోసమని పోకు. నాకేం కాదు."

"నీ కోసం గాదు. మలుపు బాపు. పచ్చ అట్ట నా దగ్గరనే ఉన్నది ఐలవ్వా, ఇయ్యను."

"ఇయ్యకు. ఏయ్ రుక్కమ్మా, లీలా, అన్నం గంజులు జర పక్కకు పెట్టుండ్రి. డాక్టరమ్మ పోతున్నది, దారి ఇడువుండ్రి."

"డాక్టర్‌ను గాదక్కా. మూడుసార్లు ఫెయిలైన. నాలుగోసారి రాస్తానికి పోతున్న. జర జరుగుండ్రి."