కాలువ గట్టు ఉడుము

దీవిలోని మిన్నీ బే పేటలో ఇళ్ల వెనక కాలువలో పందికొక్కు చచ్చి కుళ్లుతోంది. ముసలావిడ మనసు పొద్దున్నించీ కీడు శంకిస్తోంది. కంచె అవతల బట్టలారేస్తున్న పక్కింటి అమ్మాయిని పిలిచింది.

"ఏమే, ఇక్కడ ఏది చచ్చినా ఉడుము మింగేసేది. అదేదీ?"

"నాకేం మాలూం పిన్నీ! జంగిల్‌లోకి పోయుంటాది."

"చెప్పకుండా పోయినోళ్లని చాలామందిని చూశాను. కానీ నేనేసే చేపపొట్టలొదిలి అది పోదు."

"మా కోడిగుడ్లూ వదిల్లేదులే!"

"అందుకని కొట్టారా?"

"ఛీ! మేమెందుకు కొడతాం?"

"మరి మీ అరటిచెట్ల వెనక అన్ని కాకులు దేన్ని పీకుతున్నాయే?"

ఆ పిల్ల తల దించుకుంది.

"మా ఆయనకి కోపమొచ్చి కర్ర తీశాడు పిన్నీ. ఫారెస్టోళ్లకి చెప్పకు."

"చెప్పన్లే. కాకుల్ని మాత్రం తోలకండి. ఇన్నాళ్లూ చచ్చినవాటిని అది సాగనంపింది. దాన్ని సాగనంపడానికి అవైనా వచ్చాయి."