ఓరెస్ట్ తోసిన తోపు

ఓరెస్ట్ బిలాష్ కథ మొదలుపెట్టాడంటే ఎల్మ్‌రిడ్జ్‌లో ఎదుటివాడి కాఫీ చల్లారిపోవాల్సిందే. కర్లింగ్ ఆడే రింకు పక్కగదిలో పొద్దున్నే చేరేవాళ్ళకి అది అలవాటే. అద్దానికి అవతల మంచు మీద రాళ్ళు జారుతుంటాయి, ఇవతల ఓరెస్ట్ మాటలు జారుతుంటాయి. అడ్డేవాడెవడూ ఉండడు.

కానీ ఆ ఫిబ్రవరి ఉదయం అతనికి కథతో పని పడింది. ఊరి బడిలో బంతి చేత్తో విసిరే కెనడా ఫుట్‌బాల్ జట్టు ఉంది, అందులో లైన్ కుర్రాళ్ళకి ఆట నేర్పే మనిషి కావాలి. ఎవర్ని పెట్టాలో తేల్చేది హెడ్‌మిస్ట్రెస్ ఐరిస్ టాలెఫ్‌సన్. ఆవిడ సరిగ్గా అతని బల్ల దగ్గరే కూర్చుని బటర్ టార్ట్ తింటోంది. ఒకప్పుడు ఓరెస్ట్‌కి అయిదో తరగతి చెప్పింది కూడా ఆవిడే.

ఓరెస్ట్‌కి ఆ పని కావాలి, చాలా కావాలి. రెజైనాలో పదకొండేళ్ళు జీతం తీసుకుని ఆడినవాడు. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ ముందు గోడకట్టి నిలబడి, మీదికొచ్చేవాళ్ళని అడ్డుకునే అయిదుగురిలో ఒకడు. ఆ అయిదుగురి పేర్లు ఎవడికీ గుర్తుండవు. రేడియోలో వాళ్ళ పేరు వినబడిందంటే ఏదో తప్పుచేసి జట్టుకి గజాలు పోగొట్టారనే అర్థం. సొంత ఊరివాళ్ళే, "నువ్వు బంతి పట్టుకోగా ఎప్పుడూ చూళ్ళేదేమిటోయ్?" అని అడిగేవారు. ఆ మాట అతనికి ఇప్పటికీ కడుపులో మంటే.

"గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు టీచరుగారూ," అని మొదలుపెట్టాడు. "ఏదో ఒకసారి, హామిల్టన్ వాళ్ళతో ఆడుతుంటే, బూన్ అనేవాణ్ణి మూడు గజాలు వెనక్కి తోశాను. అంతే."

"మూడు గజాలేనా? మా దొడ్లో ఎద్దుంది, అదీ తోస్తుంది," అన్నాడు గార్నెట్. ఓరెస్ట్‌తో కలిసి చదువుకున్న రైతు. స్నేహితుణ్ణి ఎక్కించడమంటే అతనికి పండగ.

"మొదట మూడే అన్నానురా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నవంబరు, చలి ఎలా ఉందంటే ఉమ్మేస్తే కిందపడి టంగుమనేది. మేం లైన్‌వాళ్ళం ఎంత చలైనా చేతులు కప్పుకోం కదా, నా మోచేతుల మీంచి పొయ్యి మీద కుండలా ఆవిర్లు లేస్తున్నాయి. మా క్వార్టర్‌బ్యాక్ లాయిడ్ బంతి అందుకున్నాడు, విసరడానికి వెనక్కి జరిగాడు, నేను బూన్ గుండెల మీద రెండు చేతులూ వేశాను. మా కోచ్ మాట ఒక్కటే, ఈల వినబడేదాకా తోస్తూనే ఉండాలని. ఇంక ఈల వినబడితేనా!"

"ఏం, ఎందుకు వినబడలేదు?"

"ఎలా వినబడుతుందిరా? చలికి ఈల అంపైర్ పెదాలకి అతుక్కుపోయింది! ఊదుతున్నాడు, బుగ్గలు ఉబ్బుతున్నాయి, చప్పుడు లేదు. నేను తోస్తున్నాను. గీత దాటాం, వాళ్ళ బెంచీ దాటాం, వేరుశెనక్కాయలవాణ్ణి దాటాం, గేటు దగ్గర ముసలాయన 'బయటికెళ్తే మళ్ళీ టికెట్ కొనాలి బాబూ' అంటున్నాడు, ఎవరికి వినే తీరిక?"

కౌంటర్ దగ్గర కాఫీ పోస్తున్న వాళ్ళు కూడా ఇటు తిరిగారు. ఓరెస్ట్ ఓరకంట చూశాడు. ఐరిస్ నవ్వడం లేదు గానీ టార్ట్ తినడం ఆపింది. అది చాలు, అతనికి ఊపొచ్చింది.

"ఒకటో నంబరు హైవే ఎక్కాం. బూన్ తక్కువవాడేం కాదు, మడమలు నేలలో దిగేసి నిలబడ్డాడు. ఇండియన్ హెడ్ ఊరు దాటేదాకా రెండు చాళ్ళు పడ్డాయి, ఎంత తిన్నగానంటే వసంతంలో అక్కడి రైతులు అందులోనే గోధుమ చల్లారు."

"నవంబర్లో నేల రాయిలా ఉంటుందిరా, గునపమే దిగదు."

"అందుకే కదరా వాడి బూట్లు అరిగిపోయింది! వోల్స్‌లీలో ఎవరో పుణ్యాత్ముడు కొత్తవి తొడిగాడు, మేం ఆగకుండానే. మూసోమిన్‌లో ఒకావిడ ఇద్దరి నోళ్ళలో చెరో పెరోగీ కుడుము పెట్టింది. నా చేతులు ఖాళీగా లేవు కదా, బూన్ చేత్తోనే మూతి తుడిపించుకున్నాను. అప్పటికి బాగా స్నేహం కుదిరింది. వాళ్ళమ్మ మోకాళ్ళ నొప్పుల సంగతి కూడా చెప్పాడు పాపం."

"మరి ఎక్కడ ఆగారు?"

"పక్క రాష్ట్రం మానిటోబా సరిహద్దులో. గూడ్సు బండి ఒకటి కూత వేసింది. ఈల ఈలే కదా, వదిలేశాను. బూన్ అలవాటు కొద్దీ వెనక్కి నడుస్తూనే వెళ్ళిపోయాడు. విన్నిపెగ్‌లో పెళ్ళి చేసుకున్నాడట, పెళ్ళికి కూడా వెనక్కే నడిచాడట!"

బల్లలు దద్దరిల్లేలా నవ్వారు. "మాటలు కోటలు దాటినా కాళ్ళు గడప దాటవంటారు," అన్నాడు గార్నెట్ కళ్ళు తుడుచుకుంటూ. "వీడి కాళ్ళు రాష్ట్రమే దాటేశాయి."

ఓరెస్ట్ ఛాతీ విరుచుకుని ఐరిస్ వైపు తిరిగాడు. పని తన చేతికొచ్చేసిందనే అనుకున్నాడు. ఆవిడ నెమ్మదిగా వేళ్ళు తుడుచుకుంది.

"బాగుంది ఓరెస్ట్. నాదొక్కటే సందేహం. నువ్వు వాణ్ణి మానిటోబా తీసుకెళ్ళావు. మరి అంతసేపూ ఇక్కడ లాయిడ్‌ని ఎవరు కాశారు?"

ఓరెస్ట్ కప్పులో కాఫీ ఒక గుక్క తాగాడు.

"లాయిడ్ కాళ్ళు... చురుకండీ," అన్నాడు చివరికి.

"చురుకే అయ్యుంటాయి. నువ్వు వదిలేసిన సందులోంచి ఎంతమంది వచ్చుంటారో!" ఆవిడ లేచి కోటు తొడుక్కుంది. "మన బడి క్వార్టర్‌బ్యాక్‌కి పదహారేళ్ళు, నా చెల్లెలి మనవడు. ఈకలా ఉంటాడు. వాడి ముందు నిలబడే పిల్లలకి ఉన్నచోట ఉండటం నేర్పేవాడు కావాలి నాకు. కథ మొత్తంలో నువ్వు ఒక్కసారైనా ఉన్నచోట ఉన్నావా?"

తలుపు తీస్తే చలిగాలి లోపలికొచ్చింది, ఆవిడ వెళ్ళిపోయింది. గార్నెట్ స్నేహితుడి భుజం మీద చెయ్యి వేశాడు.

"పోనీలేరా," అన్నాడు. "మానిటోబాలో ఖాళీలేమైనా ఉన్నాయేమో, బూన్‌ని అడుగు."