నవ్వే బొమ్మ

నవ్వు మొహం నుంచి ఏడుపు మొహం దాకా బొమ్మలున్న అట్ట పట్టుకుని, కట్టు మార్చిన గదిలోంచి నర్సు విసురుగా బయటికొచ్చింది. పిల్లాడి తండ్రి లేచి నిలబడ్డాడు.

“నొప్పెంతో చూపించరా అంటే రోజూ నవ్వే బొమ్మే చూపిస్తున్నాడు. అది నమ్మి నొప్పిమందు ఆపేశాం.”

“మావాడు గట్టి పిండం సిస్టర్! కిక్కురుమనడు.”

“చేయి అంత కాలితే నొప్పుండదా? దిండు కొరికి చింపేశాడు! ఏం చెప్పి భయపెట్టారు?”

“భయపెట్టలేదు. ఏడవకపోతే అమ్మొస్తుందన్నాను.”

“అయితే రమ్మనండి ఆవిణ్ణి!”

“ఆ మంటల్లోనే పోయింది సిస్టర్.”

లోపల్నించి పిల్లాడు కేకేశాడు.

“నాన్నా! ఇవాళా ఏడవలేదు. అమ్మ బయల్దేరిందా?”

“బయల్దేరింది కన్నా. రేపు కూడా ఏడవకేం?”