మెట్ల మీద మూటలు

హలో… ఆ, నేనే మావయ్యా. … లేదు లేదు, పాప బాగానే ఉంది. అందరం బాగున్నాం. ముందు నా భయం చెప్పేస్తాను, ఆ తర్వాత నువ్వు తిట్టు. మీ ఊళ్ళో మేం కొనబోయే ఇంట్లోంచి ఎవరో పసిబిడ్డ తల్లిని మా పేరు చెప్పి బయటికి గెంటేశారేమోనని భయంగా ఉంది.

…ఎవరూ చెప్పలేదు. పొద్దున నువ్వు పంపిన వీడియోలోనే ఉంది. పాప పడుకున్నాక చూశాను. అప్పటినుంచి కుట్టుమిషను ముట్టలేదు.

…మొత్తం చూశాను మహానుభావా. సగం ఇల్లు, సగం నీ బొటనవేలు. … నవ్వకు. వంటగది చూపించి బయటికొస్తూ ఫోను కిందికి పట్టుకుని నడిచావు చూడు, అక్కడ మెట్ల మీద మూటలున్నాయి. స్టవ్వు బోర్లించి ఉంది. పక్కనే ఒకావిడ గోడవైపు తిరిగి బిడ్డకి పాలిస్తోంది. ఎవరావిడ?

…అద్దెకున్నావిడా? అద్దెకున్న మనిషి ఇంట్లో ఉండాలి కదా, మెట్ల మీద ఎందుకుంది?

…గదులు విశాలంగా కనబడాలనా!

…ఆగాగు. మెల్లగా చెప్పు. ఒక్క గంట సామాను బయట పెట్టుకోమన్నావు. ఆవిడ సరేనంది. … నువ్వే మోశావా? నడుం పట్టేసిందని మూలుగుతుంటావు, మంచం కూడా మోశావా? … నా కోసమే చేశావులే, కాదనట్లేదు. వీడియో అయ్యాక మళ్ళీ లోపల పెట్టారా?

…నసగకుండా చెప్పు మావయ్యా.

…బ్రోకరు తాళం వేసేశాడా? ఆవిడ బయట ఉండగానే?

…ఎలాగూ ఖాళీ చెయ్యాల్సిందే కదా అన్నాడా. బాగుంది. చాలా బాగుంది.

పాపా, ఆ కత్తెర వద్దమ్మా… ఇలా ఇవ్వు… మా బంగారమే… ఆ, చెప్పు మావయ్యా, లైన్లోనే ఉన్నా.

…ఖాళీ ఇల్లే కావాలని ఎవరన్నారు? నేనా? నేనెప్పుడన్నాను?

…ఆయనా?

…మీ అల్లుడే నీకు ఫోన్ చేసి చెప్పాడా?

…ఓహో. కొత్తవాళ్ళని పెడితే అద్దె పెంచుకోవచ్చని. … నాతో ఒక్క ముక్క అనలేదు. రాత్రి పక్కనే కూర్చుని భోంచేశాడు. కూరలో ఉప్పు తక్కువైందన్నాడు. ఇది మాత్రం చెప్పలేదు.

…ఏడవట్లేదు. నేను ఏడిస్తే వీధి చివరిదాకా వినబడుతుందని నువ్వే అంటావుగా, నీకు వినబడిందా? మరి!

…వద్దన్నావు, నిజమే. చూడని ఊళ్ళో ఇల్లేంటే, ఉన్నచోటే కొనుక్కోండి అన్నావు. ఇక్కడ మా డబ్బుకి మెట్ల కింద గూడు కూడా రాదు మావయ్యా. నువ్వున్నావన్న ధైర్యంతోనే మీ ఊళ్ళో కొంటున్నాం. ఆ అద్దె వస్తే ఇక్కడ మేం కట్టే అద్దెకి ఆసరా. పాప చదువు ఎక్కడా ఆగకుండా సాగుతుంది. నాకున్న ఆశల్లా అదే. కానీ ఇలా కాదు.

…పెట్టుబడి దగ్గర జాలి పనికిరాదా? ఇది నీ మాట కాదే. పక్కనెవరున్నారు? … బ్రోకరు ఆఫీసులోనే కూర్చున్నావా! అందుకా ఇందాకటినుంచి గొంతు అంత పద్ధతిగా ఉంది. స్పీకర్లో పెట్టు. … పెట్టు మావయ్యా, ఆయన ఫోన్లోంచి వచ్చి నన్నేం కొరుక్కుతినడు.

నమస్కారమండీ. … అవునండీ, కొనేది నేనే. … మావారు మీకేం చెప్పించారో తెలిసింది. రాయించేది నా పేరు మీద కదా. అందుకని నేను చెప్పేది కూడా వినండి.

…లేదండీ, పెద్దగా చదువుకోలేదు. తొమ్మిదితో ఆగిపోయాను. … ఎందుకనా? పరీక్షలప్పుడు ఇంటి ఓనరు మా సామాను వీధిలో పెట్టించాడు. ఊరి చివరికి మారాం. అక్కడినుంచి బడికి బస్సు లేదు. అంతే, పెద్ద కథేం కాదు. ఆ రోజు మా మంచం నెత్తిన పెట్టుకుని నడిచింది మీ పక్కనున్న మనిషే. కావాలంటే అడగండి.

…నిజమేనండీ. దూరాన ఉండి అద్దెవాళ్ళతో వేగడం కష్టమే. నెలకోసారైనా వచ్చి చూసుకోలేను. అందుకే ఆవిడే ఉండాలంటున్నాను. నేను చూడలేని ఇంటిని రోజూ ఊడ్చుకునే మనిషి ఆవిడ. పైపు కారితే నాకు చెప్పాల్సింది ఆవిడ. ఆవిణ్ణి ఏడిపించి పంపేసి, మీరు తెచ్చే కొత్తవాళ్ళని నేనేం చూసి నమ్మాలి?

…అద్దె తక్కువిస్తోంది, ఇవ్వనీండి. అది నేనూ ఆవిడా మాట్లాడుకుంటాం.

…కొనడానికి ఇంకో పార్టీ రెడీగా ఉందా? ఇచ్చేయండి.

…అడ్వాన్సు తిరిగి రాదా?

…రాకపోతే పోనీండి. కళ్ళు లాగేలా మిషను తొక్కి కూడబెట్టాను. నేను సంపాదించింది నేనే వదులుకుంటున్నాను. … భయం లేదా అంటే ఉంది. అయినా చెబుతున్నాను. ఆవిడ లోపల ఉంటే సంతకం పెడతాను. బయట ఉంటే పెట్టను. మావారొచ్చి చెప్పినా ఇదే మాట, ఇల్లమ్మే ఓనరు దిగొచ్చినా ఇదే మాట.

…ఆలోచించుకోండి, తొందరేం లేదు. నాకు తొందరున్న పని వేరే ఉంది. ఫోను మావయ్యకివ్వండి.

మావయ్యా, స్పీకరు తీసెయ్. ఆ ఆఫీసులోంచి బయటికి రా. … వచ్చావా? … ఏంటా చప్పుడు?

…వానా? ఎప్పటినుంచి?

…మెట్లకి పైన రేకైనా ఉందా? … లేదా.

తాళంచెవి ఎవరి దగ్గరుంది?

…నీ జేబులోనా! … ఆ, రేపు రంగులేసేవాణ్ణి తీసుకెళ్ళమని ఇచ్చాడా. రంగులు తర్వాత. వెళ్ళి తలుపు తియ్యి.

…బ్రోకరు గొడవ చేస్తే నా పేరు చెప్పు. … మీ అల్లుడి సంగతి నేను చూసుకుంటా. … మా అత్తగారా? అననీ. రోజూ అనేవే కదా, ఇవాళ కొత్తదేదైనా అంటే శ్రద్ధగా వింటాను.

…ఇల్లు చేజారిపోతే? పోతే పోయింది. మాకు ఇప్పుడు మాత్రం ఇల్లుందా ఏంటి? లేనిది ఎక్కడికి పోతుంది! ఆవిడకి ఉన్నది పోయింది మావయ్యా. అదీ మన వల్ల.

…నీ తప్పని నేనన్నానా? వాడు తాళం వేస్తాడని నువ్వు కలగన్నావా? … ఊరుకో. నడిరోడ్డు మీద ముక్కు చీదుతూ నిలబడకు, ఎవరైనా చూస్తే నేను తిట్టాననుకుంటారు. … సరే, తిట్టాను. ఇంకా తిడతాను, ముందు ఆటో ఎక్కు.

…ఇక్కడ ఆయన ఫోను వస్తోంది. బ్రోకరు అప్పుడే చెప్పేసినట్టున్నాడు. … మోగనీ. ఎత్తినా నేను చెప్పేది మారదు.

…ఎక్కావా? సామాను సంగతి తర్వాత చూద్దువుగాని. ముందు బిడ్డ ఒళ్ళు ముట్టుకుని చూడు, చల్లబడిందేమో. పొడి బట్ట ఏదైనా దొరికితే చుట్టు. పాలిచ్చే మనిషి, పొద్దుటినుంచి ఏమైనా తిన్నదో లేదో అడుగు. … తిడుతుంది. తిట్టకుండా ఎలా ఉంటుంది? పడు. నా వంతు కూడా నువ్వే పడు.

…అక్కడ కనబడకపోతే వెనక్కి రావద్దు. పక్కిళ్ళలో అడుగు, కింద కొట్లో అడుగు. చంటిదాన్నెత్తుకుని ఎంత దూరం పోగలదు? … సరే సరే, నేను పెట్టేస్తున్నా. వెళ్ళు మావయ్యా. ఆ తల్లీబిడ్డా ఎలా ఉన్నారో చూడు… నాకోసం, ఒక్కసారి వెళ్ళి చూడు.