బుధు గారి ఎక్స్‌రే గదిలో రెండు ఫిల్ములు

1989 నవంబరు 6వ తేదీ సోమవారం నాడు చింతపల్లి ప్రభుత్వ వైద్యశాలలో ఎక్స్‌రే సహాయకులుగా ఉద్యోగంలో చేరిన శ్రీ వంతల బుధు గారు, సుమారు ముప్పై ఆరేళ్ల నిరంతర సేవానంతరం, ఈ అక్టోబరు 31న పదవీ విరమణ చేస్తున్నారు. ఈ శుభ సందర్భాన నాలుగు మంచి మాటలు చెప్పవలసిందిగా ఈ వీడ్కోలు సంచిక తరఫున మన ఆసుపత్రి హెడ్ నర్సు శ్రీమతి మగ్దలేనమ్మ గారిని కోరగా, "మంచి మాటలేటి? ఆయన వల్ల నా జుట్టు నెరిసిపోనాది, అది రాయండి" అని సెలవిచ్చారు. కనుక అదే రాయవలసి వస్తోంది.

చింతపల్లిలో ఉన్న తొమ్మిదేళ్లూ, ధనుర్మాసపు చలిలో గడ్డకట్టినట్టుండే ఎక్స్‌రే పలకను రోగి ఛాతీకి ఆనించే ముందు తన శాలువాతో రుద్ది వెచ్చబరచడం బుధు గారికి నిత్యవిధి. 1998లో రేడియోగ్రాఫరుగా పదోన్నతి పొంది హుకుంపేటకు, 2003లో అరకు లోయలోని మన ఆసుపత్రికి వచ్చారు. అప్పటినుంచే మగ్దలేనమ్మ గారి కష్టాలు మొదలయ్యాయి.

ఎక్స్‌రే గది బయట వరుసను నడిపించే బాధ్యత ఆమెది. ఆ వరుసను కదలనివ్వకపోవడం ఆయన పద్ధతి. తీసిన ప్రతి ఫిల్మునూ వెలుతురుకు పట్టి, "ఓలమ్మా, ఎంత సక్కని ఎన్నుపూస! నీ పెనిమిటికి సూపించినావా?" అని అడిగేవారు. కొండమీది ఆడవాళ్లు ఫిల్ముకు అడ్డమని తీసిన వెండి కంటెను పరాయి గదిలో బల్లమీద పెట్టడానికి జంకితే, దాన్ని తన మెడలోనే వేసుకునేవారు. ఒకసారి తనిఖీకి వచ్చిన అధికారి తలుపు తీసేసరికి బుధు గారు మెడలో నాలుగు కంటెలతో, చేతులకు డజను గాజులతో యంత్రం పక్కన నిలబడి ఉన్నారు. "ఈయనెవరు?" అని అధికారి అడిగినప్పుడు మగ్దలేనమ్మ గారికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆమె ఎన్నిసార్లు నెత్తీనోరూ కొట్టుకున్నా ఆయనలో మార్పు లేదు. అయితే ఏడేళ్ల క్రితం జరిగిన ఒక సంగతిని మాత్రం ఆమె తానే చెప్పి, తప్పక రాయమన్నారు.

అడ్డాకులు కోస్తుండగా ఎలుగుబంటి పీకిన రత్న అనే పంతొమ్మిదేళ్ల అమ్మాయి. గాయాలు మానాయి గాని దవడ సరిగా కదలదు. అంబలి తప్ప మరేమీ మింగలేదు. పట్నంలో ఆపరేషనుకు ఎక్స్‌రే కావాలి. ముఖానికి చుట్టుకున్న గుడ్డను ఆ పిల్ల ఎవరి ముందూ తీయదు. ముసుగు తీయనిదే లోపలికి పంపకూడదని నియమం పెట్టి, మగ్దలేనమ్మ గారే రెండుసార్లు వెనక్కి పంపారు. మూడోసారి వచ్చిన రోజు సాయంత్రం ఆసుపత్రి వాహనంలో ఫిల్ము వెళ్లకపోతే ఆపరేషను తేదీ పోతుంది. "రెండుసార్లొచ్చి ఎలిపోనాం. ఈపాలీ అవ్వకపోతే ఇంక నాను దీన్ని తేలేను తల్లీ," అని తల్లి సోములమ్మ కన్నీళ్లు పెట్టుకుంది.

ఆ మాట విని బుధు గారు గదిలోంచి బయటికి వచ్చారు. "గుడ్డెందుకు తియ్యడం? నా మిషనుకి గుడ్డా అవుపడదు, సర్మమూ అవుపడదు. నువ్వొచ్చి కూకో," అన్నారు.

ముసుగుతోనే ఫిల్ము తీశారు. అక్కడితో ఊరుకుంటే బుధు గారెలా అవుతారు? పంటినొప్పికి ఎప్పుడో తీయించుకున్న తన తల ఎక్స్‌రే వెతికి తెచ్చి, రెండూ పక్కపక్కన తగిలించారు. బయట నలభై మంది. "బుధు గారూ, లోపల ఏటి సేత్తన్నారు? బేగి కానీండి!" అని మగ్దలేనమ్మ గారు తలుపు తోసుకుని వెళ్లేసరికి ఆయన తాపీగా ఆ పిల్లను అడుగుతున్నారు: "ఈ రెండిట్లో ఎలుగు పీకిన మొహమేదో సెప్పు సూద్దాం."

రత్న చాలాసేపు చూసింది. చివరికి పళ్లూడిపోయి, దవడ ఒక పక్కకు ఒరిగినదాన్ని వేలితో చూపించింది.

"అది నాది!" అన్నారు బుధు గారు.

ముసుగులోంచి నవ్వు వినిపించింది. ఆ కదలికకు గుడ్డ భుజం మీదికి జారింది. రత్న దాన్ని మళ్లీ పైకి లాక్కోలేదు. మగ్దలేనమ్మ గారు బయటికి వచ్చి, వరుసలో వాళ్లందరినీ కారణం లేకుండా కసురుకున్నారు. గుడ్డ గురించి ఒక్కమాట ఆయనను అడిగి ఉంటే ఆ పిల్ల రెండుసార్లు ఏడుస్తూ కొండెక్కేది కాదన్న బాధ ఆమెకు నేటికీ పోలేదు. ఫిల్ము ఆ సాయంత్రమే వెళ్లింది, ఆపరేషను జరిగింది.

మొన్న ఈ సంచిక కోసం ఫోటో తీస్తామని తెలిసి రత్న సంత నుంచి మిరియాల బుట్టతోనే వచ్చింది. చెంపమీద మచ్చలు అలాగే ఉన్నాయి. హోదాల ప్రకారం కుర్చీలు వేయించి, ఎవరెక్కడ కూర్చోవాలో కాగితం మీద రాసుకుని మరీ నిలబడ్డ మగ్దలేనమ్మ గారిని, "నానెక్కడ కూకోవాల సిస్టరమ్మా? నా మొహం బాగా పడాల," అని అడిగింది. మగ్దలేనమ్మ గారు ఆ కాగితం మడిచేసి, బుధు గారి పక్కనున్న తన కుర్చీలో రత్నను కూర్చోబెట్టి, తాను వెనక నిలబడ్డారు.

శ్రీ బుధు గారు సతీసమేతంగా, సంపూర్ణ ఆరోగ్యంతో, ఒక్క ఎముకకైనా ఎక్స్‌రే అవసరం రాకుండా నిండు నూరేళ్లు నవ్వుతూ నవ్విస్తూ జీవించాలని సిబ్బంది యావన్మందీ మనసారా కోరుకుంటున్నారు. ఈ కోరిక కింద మొదటి సంతకం మగ్దలేనమ్మ గారిది.