‘కు’ పక్కన చుక్క

పదీ పదికి మీరు కుర్చీలో కూర్చున్నారు. పదీ పన్నెండుకి ఫ్యాను మీ వైపు తిప్పుకున్నారు. పదిన్నరకి నా అర్జీ తీసి చదివి, నవ్వారు. నవ్వితే నవ్వారు గానీ బాబూ, అందులో ఏముందో కాస్త నాకూ చెప్పండి. డెబ్బై తొమ్మిదేళ్ళు వచ్చినా చెవులు బాగానే ఉన్నాయి.

ఆఁ. రికార్డు ప్రకారం నేను మగపిల్లాణ్ణి. అంతేగా?

సరే. ఇద్దరు పిల్లల్ని కన్నాను. ఇంటికెళ్ళి వాళ్ళకో మాట చెప్పాలి.

నేనేమంత పెద్ద కోరిక కోరానని? మా బడికి నూరేళ్ళు. ఈ ఆదివారం గుమ్మం పక్కన పాలరాతి పలక పెడుతున్నారు. ‘ఈ బడిలో చేరిన మొదటి బాలిక’ అని కమిటీ అధ్యక్షులవారి మేనత్తగారి పేరు చెక్కిస్తారట. ఆవిడ చేరింది బాలికల విభాగం తెరిచిన రోజున. బ్యాండు వాయించారు, ఫోటో తీశారు. ఆ ఫోటోలో వెనక కిటికీలోంచి చూస్తున్న పిల్లని నేను. అప్పటికి నాలుగో తరగతి పూర్తి చేసేశాను, అదే బడిలో.

రుజువు తెండి, మారుస్తాం అన్నారు కమిటీవారు. రుజువు మీ బీరువాలో ఉంది. మీరేమో, అప్పట్లో మీరు ఆడపిల్లేనా అంటున్నారు.

అప్పట్లో అనకండి బాబూ. నేను మధ్యలో మారలేదు.

మీ తప్పేం లేదు లెండి. తప్పు మా గుమాస్తాది. ఆ ఫైలు కాసేపు మూయండి, చెబుతాను.

మాది మగపిల్లల బడి. అడ్మిషన్ రిజిస్టరులో ఆడా మగా అనే గడే లేదు. ఎందుకుంటుంది? తండ్రి పేరు, పక్కన బంధుత్వం, అంతే. మా అమ్మ మిషను కుట్టేది. ఆ బడి పిల్లలకి నిక్కర్లు కుట్టేది. ఆడపిల్లల బడి చుట్టుపక్కల ఎక్కడా లేదు. నన్ను తీసుకుని గుమాస్తాగారి కిటికీ దగ్గర నిలబడింది. నా తల కిటికీకి అందలేదు. అందినా ఆయన తలెత్తితే గదా?

“ఎవరమ్మా?”

“మా బిడ్డండీ.”

బిడ్డ అంటే ఎవరైనా కావచ్చు. నా పేరూ అటువంటిదే, ఇద్దరికీ సరిపోతుంది. ఆయన పేరు రాసి, బంధుత్వం గడిలో ‘కు’ అని రాసి చుక్క పెట్టాడు.

కుమారుడు అనుకుంటే కుమారుడు. కుమార్తె అనుకుంటే కుమార్తె. మిగతా అక్షరాలు రాయడానికి బద్ధకం.

మర్నాడు నేను జడ వేసుకుని, నిక్కరు తొడుక్కుని బడికెళ్ళాను. వేషం కాదు, మిగిలిన గుడ్డకి అదే వచ్చింది. గంట కొట్టేలోపు అందరికీ తెలిసిపోయింది. కానీ హెడ్మాస్టరుగారు అప్పటికే రిజిస్టరులో సంతకం పెట్టేశారు. తీసేస్తే, ఎందుకు చేర్చారని పైవాళ్ళు అడుగుతారు. ఉంచితే ఎవరూ అడగరు. ఉంచారు.

మా బడిలో స్త్రీవిద్య అలా మొదలైంది బాబూ. తీసేయడానికి ఎక్కువ కాయితాలు అవసరమై.

ఇన్‌స్పెక్టరు వచ్చే రోజున నాకు జ్వరం. ముందురోజే హెడ్మాస్టరుగారు చెప్పేవారు, “రేపు నీకు జ్వరం, గుర్తుందిగా?” అని. ఓ ఏడు నిజంగానే వచ్చింది. ఆ రోజు ఇన్‌స్పెక్టరు రాలేదు కనక సెలవివ్వలేదు.

నాలుగో ఏడు పైనుంచి ఎవరో ఆ చుక్క పట్టుకున్నారు. అక్షరాలు మింగుతున్నాడని గుమాస్తాకి మెమో వచ్చింది. ఇక ఊళ్ళో ఆయన పేరు ‘మింగుడు గుమాస్తా’. ఆ మెమో అడ్డమొచ్చి హెడ్ గుమాస్తా కాకుండానే దిగిపోయాడు.

నేనూ అనేదాన్ని ఆ పేరు. ఎక్కడ సభ జరిగినా ఆ కథ చెప్పి నవ్వించేదాన్ని. ఓసారి ఆయన ముందు వరుసలోనే ఉన్నాడు. అందరితోపాటు నవ్వాడు. చప్పట్లు కూడా కొట్టాడు.

నేను మాత్రం హెడ్మిస్ట్రెస్ అయ్యాక ఒక్క అక్షరం మింగలేదు. ఇరవై రెండేళ్ళు అడ్మిషన్లు నా చేత్తోనే రాశాను. మా బడి వెనక వీధిలో వలలు అల్లేవాళ్ళు ఉండేవారు. ఇంట్లో వాళ్ళ భాష వేరు. ఒకామె కూతుర్ని తెచ్చింది. దరఖాస్తులో ‘ఇంటి భాష’ అని గడి ఉంది. ఆ భాష పేరు పూర్తిగా రాశాను, ఒత్తులతో సహా. వేరే భాష పిల్లలు వాళ్ళ భాష బడికే వెళ్ళాలని అప్పట్లో ఉత్తర్వు. ఆ బడి ఏడు మైళ్ళు.

“మీ భాష కూడా వచ్చమ్మా దీనికి, వినండి,” అంది తల్లి. ఆ పిల్ల నిలబడి ఎక్కాలు చెప్పింది. మన భాషలోనే, పదమూడో ఎక్కం దాకా. ఎక్కడా తడబడలేదు.

నేనేం చెయ్యను? గడి ఉంది, నింపాను. ఇంత శుభ్రమైన కాయితాలు ఎక్కడా చూడలేదని ఆ ఏడు ఇన్‌స్పెక్టరు రాసి వెళ్ళాడు.

ఎందుకలా చూస్తారు? రూలు నేను పెట్టానా?

సరే, ఆ పాత రిజిస్టరు పేజీ నకలు తీయించండి. మెమో ఫైలు దొరికితే అదీ. ఆదివారంలోపు, మర్చిపోకండి.

•

నేనే. లేవకండి. శుక్రవారం కదా, జనం తక్కువుంటారని వచ్చాను.

మీరు పంపిన నకళ్ళు మొన్న అందాయి. నేను ఆడపిల్లనేనని కాయితం కూడా జతచేశారు, సంతోషం. కమిటీవారికి చూపించాను. పలక మీద నా పేరు ఎక్కిస్తారట. కాకపోతే రాతి మీద చోటు చాలదట. ‘కుమారి’ అని పూర్తిగా రాదు, ‘కు’ అని చెక్కి చుక్క పెడతామన్నారు.

నవ్వండి, ఫరవాలేదు. వారం కిందట అయితే పోట్లాడేదాన్ని. సరేనన్నాను.

ఇంకోటి అడుగుదామని వచ్చాను. ఆ వలలవాళ్ళ పిల్ల దరఖాస్తు ఏమైనా దొరుకుతుందా? చేర్చుకోని వాళ్ళవి మూడేళ్ళకి తగలబెట్టేస్తారా. అవును లెండి, ఆ కాయితం మీదా సంతకం పెట్టేది నేనే. పేరు గుర్తుచేసుకుందామని రెండు రోజుల్నుంచి చూస్తున్నాను. ఎక్కాలు చెప్పిన గొంతు వినిపిస్తోంది గానీ పేరు రావడం లేదు.

ఈ పేజీ మీరు చూశారా, నకలు తీసి పంపేశారా? చూడండి. ఆ ఏడు చేరినవాళ్ళు ముప్పై తొమ్మిది మంది. నా పైన ఇరవై, నా కింద పద్దెనిమిది. ముప్పై ఎనిమిది గడుల్లో ‘కుమారుడు’ అని ముత్యాల్లా రాసుంది. కొమ్ములూ దీర్ఘాలూ అన్నీ ఉన్నాయి. నా ఒక్క గడిలోనే ‘కు’, చుక్క. మిగతా గడి ఖాళీ.

రెండో నకలు, మెమోకి ఆయన ఇచ్చిన జవాబు. నేను చదువుతాను, మీరు కళ్ళజోడు వెతుక్కోకండి.

“అయ్యా, అక్షరములు పూర్తిగా వ్రాయుటకు నాకు బద్ధకము. ఈ దురలవాటు నాకు చిన్ననాటి నుండియు ఉన్నది. క్షమింపగలరు.”

ఒక్క అక్షరం మింగలేదు. సంతకం కూడా ఇంటిపేరుతో సహా పూర్తిగా పెట్టాడు.