నాలుగో గది గోడ

అక్కడ కాదు పిన్నీ, ఆ తలుపుకి అస్సలు వద్దు. నిన్ననేగా రెండో పూత వార్నిష్ వేయించాను. ఆ జిగురు డబ్బా కాస్త కింద పెట్టండి, చెప్తాను. పెట్టండి ముందు.

అసలు అంటించొద్దని ఎవరన్నారు? చావు కాగితం అంటించకుండా ఉంటామా, మేమేం మనుషులం కామా? బస్టాపు స్తంభానికి అంటించండి. రొట్టెల కొట్టు గోడకి అంటించండి, అక్కడైతే ఊరంతా చూస్తుంది. చర్చి గేటుకి నేనే వచ్చి అంటిస్తాను. ఈ గుమ్మానికి మాత్రం... ఇవాళ కాదు. మూడింటికి బస్సు వస్తుంది. ఇరవై రెండు మంది. ఈ జోరా హోటల్ మూతపడ్డ ఇరవై ఎనిమిదేళ్ళకి వస్తున్న మొదటి అతిథులు. దిగీ దిగగానే గుమ్మం మీద నల్ల అంచు కాగితం, అందులో పోయినావిడ ఫొటో కనిపిస్తే ఏమనుకుంటారు చెప్పండి?

తెలుసు. ఆవిడ పోయి ఇవాళ్టికి నలభయ్యో రోజు. నాకు లెక్క తెలియదనుకున్నారా? మనిషి ఏ గుమ్మంలో బతికిందో ఆ గుమ్మానికే అంటించాలి, అదీ తెలుసు. కానీ మీ అక్క పోయింది మీ ఇంట్లో కదా. పట్నంలో, మీ మూడో అంతస్తులో. ఆ రకంగా చూస్తే...

అలా చూడకండి పిన్నీ. ఏదో నోటికొచ్చింది అనేశాను.

ఆవిడ పేరున పంచే ఆ గోధుమల డబ్బా ఇలా ఇవ్వండి, బల్ల మీద పెడతాను. మీరే ఉడకబెట్టారా? పైన చక్కెర కూడా చల్లారే. సిల్వినా వంటింట్లో అతిథులకి చీజు పెట్టి బానిత్సా రొట్టెలు కాలుస్తోంది, పిలవనా? వద్దా. సరే, పిలవను. నా పెళ్ళానికి తెలియని సంగతులు కొన్నున్నాయి ఇందులో.

మేం పడ్డ పాట్లు మీకు తెలియనివి కావు. ముత్తాత కట్టిన హోటలు. సర్కారు లాక్కుంది, మళ్ళీ సర్కారే తిరిగిచ్చింది. మా నాన్న ఖర్చు చూసి భయపడి మూసేశాడు. నేను ద్రాక్షతోట అమ్ముకుని దిగాను ఇందులోకి. రెండేళ్ళు నేనూ, సిల్వినా, ఆడపిల్లలిద్దరూ తలుపులకి గరుకు కాగితం రుద్దీ రుద్దీ వేళ్ళు అరగదీసుకున్నాం. ఊళ్ళో అందరూ హోటల్ని వెల్కో నిలబెట్టాడంటున్నారు. వింటుంటే బాగానే ఉంటుంది. కాదని ఎందుకనాలి?

కానీ నేను వచ్చేసరికి నిలబెట్టడానికి ఏదో ఒకటి మిగిలుండాలి కదా. అది ఎవరు మిగిల్చారు?

మీ అక్క, ఫిల్కా పెద్దమ్మ. పదిహేడేళ్ళప్పుడు గదులు ఊడవడానికి వచ్చిన పిల్ల. ముప్పై నాలుగేళ్ళు పనిచేసింది. హోటలు మూసేశాక అందరూ వెళ్ళిపోతే తను వెళ్ళలేదు. జీతం లేదు, పొమ్మన్నవాళ్ళూ లేరు. వానొస్తే పై అంతస్తులో బాల్చీలు పెట్టి, నిండితే తీసుకెళ్ళి పారబోసేది. నాలుగో గదిలో పడుకునేది, అక్కడ పొయ్యి పనిచేస్తుందని. ఇరవై ఎనిమిది చలికాలాలు ఆ ఒక్క గదిలో నిప్పు ఆరనివ్వలేదు.

అందుకే ఆ గది గోడల మీద బొమ్మలు మిగిలాయి పిన్నీ. ముత్తాత వేయించిన ద్రాక్షగుత్తులు, పడవలు, సముద్రం. మిగతా పదకొండు గదుల్లోనూ ఉండేవవి. చెమ్మకి పెచ్చులూడి పోయాయి. నాలుగో గదిలో మాత్రం నిన్న వేసినట్టున్నాయి. ఆవిడ వెచ్చగా పడుకుంది కాబట్టి అవి బతికాయి.

అదే కొంప ముంచింది.

కిటికీ కింద బారెడు మేర గచ్చు ఊడిపోయింది. బొమ్మల్లేని చోటే. పాత గోడ, సిమెంటు పనికిరాదు, సున్నమే పూయాలి, అది తొందరగా ఆరదు. "ఒక నెల మీ చెల్లెలి దగ్గర ఉండి రా పెద్దమ్మా, ఆరగానే కబురు చేస్తాను, నువ్వున్నంతకాలం ఆ గది నీదే" అన్నాను. మార్చిలో. ఆ మాట మనస్ఫూర్తిగా అన్నాను. నమ్మినా నమ్మకపోయినా, అన్న రోజున అది నిజమే.

ఆ తర్వాత సిల్వినా ఆ గదిని ఫొటో తీసింది. ఎంత బాగా వచ్చిందనుకున్నారు. యాత్రలు నడిపే ఆఫీసువాళ్ళకి పంపితే, ఈ గది ఉంటే బస్సు పంపుతాం, లేకపోతే లేదు అన్నారు. ఇంకేముంది. బస్సు రాకపోతే మేం మళ్ళీ తలుపులు మూసుకోవడమే.

ఏప్రిల్ నెల సగం కాకుండానే గోడ ఆరిపోయింది.

అవును. ఏప్రిల్లోనే.

ఆవిడ ఆదివారం ఆదివారం ఫోన్ చేసేది కదా, మీరు పక్కనే ఉండేవారు. మీకు ఆవిడ మాటలే వినిపించి ఉంటాయి. ఆరిందా నాయనా, అని. ఇవతల నేను "ఇంకా లేదు పెద్దమ్మా, లోపల తడి ఉండిపోయింది" అనేవాణ్ణి. "తొందరేం లేదులే, హీటరు మాత్రం పెట్టకు, పగుళ్ళిస్తుంది" అనేది. నేను ఆ ఎండిన గోడకి జారబడే ఈ మాటలన్నీ చెప్పేవాణ్ణి.

అయిపోలేదు. ఇంకా ఉంది, వినండి.

మే నెల చివర మీరిద్దరూ వచ్చారు చూడండి. బస్సెక్కాక ఫోన్ చేశారు మీరు, వస్తున్నాం అని. నాకు గంట టైముంది. తోట పోయినా తీగలకి మందు కొట్టే పంపు మిగిలింది కదా, దాని నిండా నీళ్ళు పోసుకుని మేడెక్కాను. కొత్తగా పూసిన మేరంతా తడిపాను. నీళ్ళు కారి నేల మీద పడితే, నా చొక్కాతోనే తుడిచాను.

మీరు కింద కాఫీ తాగుతున్నారు. ఆవిడ పైకి వచ్చింది. గోడకి అరచెయ్యి ఆనించింది. తర్వాత వేళ్ళు ముడిచి తట్టింది. లోపల తడి ఉన్న గచ్చు తడితే మొద్దుగా పలుకుతుంది, ఎండిన గచ్చు టంగుమంటుంది. ముప్పై నాలుగేళ్ళు ప్రతి వసంతంలో ఈ గోడలకి సున్నం కొట్టిన మనిషికి అది ఒకరు చెప్పాలా?

టంగుమంది పిన్నీ. గుమ్మం దగ్గరున్న నాకే వినిపించింది.

ఆవిడ చెయ్యి గౌనుకి తుడుచుకుని, "ఔను, ఇంకా తడే" అంది. నా చెంప మీద తట్టి మెట్లు దిగిపోయింది.

పెద్దదైపోయింది, చెవి సరిగా వినపడదు, పోల్చుకోలేకపోయింది అనుకున్నాను. అలా అనుకునే ఈ నాలుగు నెలలూ నెట్టుకొచ్చాను. ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పండి. ఆ రోజు తిరిగి వెళ్తూ బస్సులో మీతో ఏమంది?

తడిగా ఉందనే చెప్పిందా? మీతో కూడానా?

మరి ఇంటికెళ్ళాక?

సంచిలోంచి బట్టలు తీసి మీ బీరువాలో సర్దుకుందా. అంటే, అప్పటిదాకా సంచి విప్పనే లేదా? ఏ క్షణాన్నయినా బయల్దేరాలని, రోజూ అందులోంచే తీసి వేసుకునేదా. ఆ పూట మాత్రం అన్నీ తీసేసి, ఖాళీ సంచి మడిచి మీ చేతికిచ్చేసిందా.

కాస్త ఉండండి.

తెలుసన్నమాట. తెలిసి కూడా, ఆ మరుసటి ఆదివారం ఫోన్ చేసి మళ్ళీ అడిగింది, ఆరిందా నాయనా అని. ఆ తర్వాత ఆదివారమూ అడిగింది. నేనే నోరు తెరిచి చెప్తానేమో, ఒక అవకాశం ఇద్దామని చూసింది కాబోలు. పదకొండు ఆదివారాలు అడిగింది. పదకొండుసార్లూ తడి అనే చెప్పాను.

తీసుకోండి బ్రష్షు. అంటించండి, తలుపు మధ్యలోనే. వార్నిష్ పోతే పోయింది. జిగురు మాత్రం దట్టంగా పూయండి, అంచులు కూడా వదలొద్దు. లేకపోతే ఆ బస్సు కొండ మలుపు తిరగడం కనపడగానే నేనే పీకేస్తాను. నా సంగతి నాకు తెలుసు.